మీరు సంతకం పెట్టిన ఆ లేఖ గురించి

2015లో షార్లీ ఎబ్దోకు పెన్ అమెరికా అవార్డు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ సంతకాలు చేసిన రచయితలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇంగ్లీషు కథలూ వ్యాసాలూ తెలుగులోకి అనువదిస్తుంటాను. మీలో కొందరి నవలలు చదువుతూ తెల్లవార్లూ మేలుకున్న రాత్రులు నాకున్నాయి. అందుకని ఈ ఉత్తరాన్ని పగవాళ్ళు రాసినట్టు చదవకండి. మీ మీద గౌరవం ఉంది కాబట్టే రాస్తున్నాను. లేకపోతే పదేళ్ళు దాటిన సంగతిని మళ్ళీ ఎత్తేదాన్ని కాదు.

ఇది బహిరంగ లేఖ. తెలుగు పాఠకులు కూడా చదువుతారు. కాబట్టి జరిగింది ముందు చెబుతాను.

2015 జనవరి 7న పారిస్‌లో ఇద్దరు అన్నదమ్ములు తుపాకులతో షార్లీ ఎబ్దో అనే వ్యంగ్య పత్రిక ఆఫీసులో దూరి, ప్రవక్త బొమ్మలు వేశారన్న కోపంతో కార్టూనిస్టులను కాల్చి చంపారు. ఆ దాడిలో మొత్తం 12 మంది చనిపోయారు. వాళ్ళలో ఆ పత్రికకు ప్రూఫులు దిద్దే ముస్తఫా ఉర్రాద్ అల్జీరియాలో పుట్టినవాడు. బయట రోడ్డు మీద ప్రాణం వదిలిన పోలీసు అహ్మద్ మెరాబె ముస్లిం. నాలుగు నెలల తర్వాత, మే 5న, న్యూయార్క్‌లో పెన్ అమెరికా అనే రచయితల సంస్థ ఆ పత్రికకు ధైర్య పురస్కారం ఇచ్చింది. పీటర్ కేరీ, మైకేల్ ఒండాట్జీ, ఫ్రాన్సీన్ ప్రోజ్, టేజు కోల్, రేచెల్ కుష్నర్, టయే సెలాసీ అనే ఆరుగురు రచయితలు ఆ అవార్డు విందుకు తాము ఆతిథ్యం ఇవ్వలేమని తప్పుకున్నారు. వాళ్ళకు మద్దతుగా మీరంతా సంతకాలు చేశారు. 200 పైచిలుకు పేర్లు.

మీకు అన్యాయం చేయను. మీరు ఆ హత్యలను సమర్థించలేదు. బొమ్మలు వేసే హక్కు లేదనీ అనలేదు. ఆ హక్కును కాపాడటం వేరు, ఆ పనిని మెచ్చుకుని సన్మానించడం వేరు అన్నారు. ఫ్రాన్స్‌లో ముస్లింలు ఇప్పటికే అవమానాలు పడుతున్నారు, వలస పాలన దెబ్బలు తిన్నవాళ్ళు, ఈ బొమ్మలు వాళ్ళను ఇంకా కించపరుస్తాయి అన్నారు.

ఆ మాట చదివినప్పుడు నాకు వెంటనే మా టీవీ ఛానళ్ళు గుర్తొచ్చాయి. మా దగ్గర ఒక మాట ఉంది, "మనోభావాలు దెబ్బతిన్నాయి" అని. సినిమాలో పాట మీద, పాఠ్యపుస్తకంలో వాక్యం మీద, ఎవరో ఎక్కడో అన్న మాట మీద ఏదో ఒక కులం వాళ్ళో మతం వాళ్ళో రోడ్డెక్కి ఆ మాటే అంటారు. పోలీసులు కేసు పెడతారు, రాసినవాడు క్షమాపణ చెబుతాడు. ఎవరి మనోభావాలు, ఎంతమందివి, ఆ పేరు చెప్పి మాట్లాడే హక్కు ఈ పెద్దమనిషికి ఎవరిచ్చారు అని ఎవరూ అడగరు. మీ లేఖ ఎంతో మంచి ఇంగ్లీషులో ఉంది. లోపల ఉన్నది మాత్రం మేము రోజూ వినే మాటే.

మీ అవార్డు సభ జరిగి సరిగ్గా వారం. మే 12 పొద్దున, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో అనంత బిజయ్ దాస్ అనే యువకుడు ఇంటి నుంచి ఆఫీసుకు బయల్దేరాడు. బ్యాంకు ఉద్యోగి. "యుక్తి" అనే పత్రిక నడిపేవాడు. మత ఛాందసం మీద, సైన్సు మీద రాసేవాడు. ముసుగులు వేసుకున్న కొందరు ఆయన్ని వెంటాడి, ఇంటికి దగ్గర్లోనే కత్తులతో నరికి చంపారు. ఆ ఫిబ్రవరిలోనే ఢాకాలో పుస్తకాల పండగ నుంచి తిరిగివస్తున్న రచయిత అవిజిత్ రాయ్‌ను అలాగే చంపారు. పక్కనున్న ఆయన భార్య రఫీదా అహ్మద్ బొన్యా బొటనవేలు తెగిపోయింది. మార్చిలో వషీకుర్ రెహమాన్. అనంత మూడోవాడు. ఆయన తర్వాత ఆగస్టులో నీలాద్రి చటోపాధ్యాయ.

అనంత విషయంలో నన్ను వదలని సంగతి ఒకటుంది. తర్వాత తన వంతేనని ఆయనకు తెలుసు. పత్రికా స్వేచ్ఛ దినం సందర్భంగా వచ్చి మాట్లాడమని స్వీడన్ పెన్ సంస్థ పిలిచింది. ఢాకాలోని స్వీడన్ ఎంబసీ వీసా ఇవ్వలేదు. వెళ్తే తిరిగి రాడేమో అని అనుమానం. ఆయన ఆ అనుమానానికి తగ్గట్టే అక్కడ ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఆ హత్య తర్వాత 150 మందికి పైగా రచయితలు బంగ్లాదేశ్ ప్రభుత్వానికి లేఖ రాశారని నాకు తెలుసు. అనంత ధైర్యవంతుడని అనడానికి మీలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. నేను అడిగేది ఒక్కటే. సిల్హెట్‌లో ఒకతను మతాన్ని విమర్శిస్తే ధైర్యం అయింది. పారిస్‌లో మరొకరు అదే మతాన్ని విమర్శిస్తే అది బలహీనుల మీద దాడి ఎట్లా అయింది? చంపినవాళ్ళు రెండు చోట్లా ఒకే కారణం చెప్పారు కదా.

మీ జవాబు నేను ఊహించగలను. బంగ్లాదేశ్‌లో ముస్లింలు మెజారిటీ, ఫ్రాన్స్‌లో మైనారిటీ. బలమున్నవాడిని ఎదిరించడం వేరు, బలం లేనివాడిని ఎగతాళి చేయడం వేరు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. 2017లో క్యూబెక్ మసీదులో నమాజు చేసుకుంటున్న ఆరుగురిని చంపారు. 2019లో క్రైస్ట్‌చర్చ్‌లో 51 మందిని. మా దేశంలో ముస్లిం పేరుంటే అద్దెకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో నా స్నేహితురాలితో పాటు గేటు గేటుకీ తిరిగి చూశాను. ఇస్లాం మీద విమర్శ అనే ముసుగులో మనుషుల మీద ద్వేషం నడుస్తుందని మాకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మేం దాని మధ్యలోనే బతుకుతున్నాం.

కానీ మెజారిటీ, మైనారిటీ అనే లెక్క దేశం గుమ్మం దగ్గరే ఆగిపోదు. ఇంటి గుమ్మంలోకి కూడా వస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక ముస్లిం తండ్రి ఆఫీసులో మైనారిటీ, బస్సులో మైనారిటీ. ఇంటికొచ్చాక ఇరవై ఏళ్ళ కూతురి పెళ్ళి నిర్ణయించేటప్పుడు ఆయన మైనారిటీ కాదు. ఆ వీధిలో మసీదు కమిటీ మైనారిటీ కాదు. అక్కడ మైనారిటీ ఆ అమ్మాయి. బలహీనుల పక్షాన ఉంటామన్న మీరు ఆ గుమ్మం బయటే నిలబడిపోయారని నా బాధ.

ఇది ఆ అమ్మాయిల తరఫున నేను ఊహించి చెబుతున్నది కాదు. వాళ్ళే చెప్పారు. 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ మతనేత ఖొమేనీ, సటానిక్ వర్సెస్ నవల రాసిన సల్మాన్ రష్దీని చంపాలని ఫత్వా ఇచ్చాడు. అంతకు నెల ముందే బ్రాడ్‌ఫర్డ్‌లో ఆయన నవలను తగలబెట్టారు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జిమ్మీ కార్టర్, ఫత్వా తప్పంటూనే, ఆ నవల ముస్లింలకు అవమానమని న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. చావు భయంతో దాక్కున్న మనిషికే మర్యాద నేర్పబోయినవాళ్ళు బ్రిటన్‌లో కూడా ఉన్నారు. ఆ మే 27న లండన్‌లో రష్దీకి వ్యతిరేకంగా వేలమంది ఊరేగింపు తీశారు. పార్లమెంటు దగ్గర ఇంకోవైపు నేషనల్ ఫ్రంట్ అనే తెల్ల జాత్యహంకారుల గుంపు వచ్చింది. ఆ రెండు గుంపుల మధ్య యాభై మంది దాకా ఆడవాళ్ళు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే ఆడవాళ్ళ సంఘం వాళ్ళు, వాళ్ళతో కలిసి ఛాందసవాదాన్ని ఎదిరించడానికి జట్టుకట్టినవాళ్ళు. పంజాబీలు, బెంగాలీలు, గుజరాతీలు, ఇరానీలు, ఐరిష్ వాళ్ళు, యూదులు. మతపెద్దలు మా తరఫున మాట్లాడటానికి వీల్లేదు అన్నారు. రష్దీకి రాసే హక్కు ఉంటేనే మాకు ఎదురుచెప్పే హక్కు ఉంటుంది అన్నారు. రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నారు.

ఆ యాభై మంది చోటే సరైన చోటని నా నమ్మకం. జాత్యహంకారులు ఒకవైపు, మతపెద్దలు ఇంకోవైపు, మధ్యలో ఆ నాలుగడుగుల జాగా. ఈ ముప్పై ఐదేళ్ళలో మీలాంటివాళ్ళు వచ్చి ఆ జాగాలో నిలబడి ఉంటే అది అంత ఇరుగ్గా ఉండేది కాదు.

వాళ్ళలో ఒకరైన గీతా సెహగల్ సంగతి చూడండి. రచయిత్రి నయనతారా సెహగల్ గారి అమ్మాయి. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో ఆడవాళ్ళ హక్కుల విభాగం చూసేది. అమెరికా వాళ్ళ గ్వాంటనామో జైల్లో అన్యాయంగా బంధించినవాళ్ళ తరఫున మాట్లాడటం మన ధర్మం, కానీ తాలిబాన్‌ను మెచ్చుకున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వేదికలెక్కితే మన మాటకు విలువ ఉండదని 2010లో బయటికి చెప్పింది. ఆ సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది. కొన్ని వారాలకు ఆమె ఆ సంస్థ నుంచి బయటికొచ్చేసింది. ఇమిగ్రెంట్లను తిట్టే పత్రికలో ఒక ముక్క రాసిన మనిషి కాదావిడ. అప్పటికి ముప్పై ఏళ్ళుగా మీ పక్షాన పనిచేస్తున్న మనిషి.

కమెల్ దావుద్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అల్జీరియాలో ఒరాన్ నగరంలో ఉండి రాసేవాడు. 2014 చివర్లో ఒక ఛాందస ఇమాం ఆయన్ని బహిరంగంగా ఉరితీయాలని పిలుపిచ్చాడు. అయినా అప్పుడు ఊరు వదలలేదు. 2016లో, జర్మనీలోని కొలోన్‌లో కొత్త సంవత్సరం రాత్రి ఆడవాళ్ళ మీద జరిగిన దాడుల తర్వాత, తమ సమాజాల్లో ఆడదాని శరీరం అంటే ఉన్న భయం గురించి ఒక వ్యాసం రాశాడు. ఆ వ్యాసంలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. అందరినీ ఒకే గాటన కట్టి మాట్లాడిన చోట్లున్నాయి. కానీ ఇరవై మంది దాకా పండితులు ఫ్రెంచి పత్రిక లెమాండ్‌లో కలిసి రాసి, ఈయన ఇస్లామోఫోబియాకు, అంటే ముస్లింల మీద ద్వేషానికి, మేత వేస్తున్నాడు అన్నారు. ఇమాం బెదిరిస్తే మానని మనిషి, ఈ పండితుల మాటకు మనసు విరిగి జర్నలిజం మానేస్తున్నానని ప్రకటించాడు. ఆ సమాజంలో పుట్టి, దాని భాషలో పెరిగి, అక్కడి రోడ్ల మీద నడుస్తున్నవాడికి తన సమాజం గురించి మాట్లాడే అర్హత లేదని తేల్చే అధికారం ఎక్కడిది?

ఇది పాత జబ్బే. 1978లో ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో ఇరాన్ వెళ్ళొచ్చి, అక్కడ రాజు షాను దించడానికి సాగుతున్న విప్లవంలో కొత్త రకం ఆధ్యాత్మిక రాజకీయం కనిపిస్తోందని రాశాడు. ఆ నవంబరులో ఫ్రాన్స్‌లో ఉంటున్న ఒక ఇరాన్ మహిళ పత్రికకు ఉత్తరం రాసింది. మీకు నచ్చుతున్న ఆ మందు మా రోగం కంటే ఘోరం కావచ్చు, మోసపోకండి అని. ఆమె మాటలో ఇస్లాం అంటే చిన్నచూపు ఉందని ఆయన జవాబిచ్చాడు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1979 మార్చి 8న, ముసుగు తప్పనిసరి అన్నందుకు టెహ్రాన్ వీధుల్లోకి వేలమంది ఆడవాళ్ళు వచ్చారు. 2022లో ముసుగు సరిగ్గా లేదని పోలీసులు పట్టుకెళ్ళిన మాసా అమీనీ చనిపోయినప్పుడు మళ్ళీ వచ్చారు. ఆ ఉత్తరం రాసినామెకు ఎవరైనా క్షమాపణ చెప్పారా?

ఇక్కడ మా సంగతి కూడా చెప్పాలి. మేమేదో నేర్చుకున్నవాళ్ళమని కాదు, ఇదే తప్పు మీకంటే ముందు మేము చేశాం కనుక. ఇండోర్‌లో షాబానో అనే 62 ఏళ్ళ ఆవిడను భర్త వదిలేశాడు. ఆయన లాయరు. ఆమె భరణం కోసం కోర్టుకెక్కింది. నెలకు 179 రూపాయల 20 పైసలు. 1985లో సుప్రీంకోర్టు ఇవ్వాల్సిందే అంది. మతపెద్దలు మనోభావాలు అన్నారు. సెక్యులర్ అని చెప్పుకున్న ప్రభుత్వం 1986లో కొత్త చట్టం చేసి ఆ తీర్పును నీరుగార్చింది. ముస్లింలను గౌరవించడమంటే అదే అనుకుంది. షాబానో ముస్లిం కాదా? అదే ఏడాది ఇంకోవైపు వాళ్ళను సంతోషపెట్టడానికి బాబ్రీ మసీదు తాళాలు తీశారు. ముస్లిం ఆడవాళ్ళ బాధ అప్పటి నుంచి ముస్లింలంటే గిట్టనివాళ్ళ చేతిలో కర్ర అయింది. మంచివాళ్ళు వదిలేసిన మాటను చెడ్డవాళ్ళు ఎత్తుకున్నారు.

మీ దగ్గరా అదే జరిగింది. సోమాలియాలో ముస్లిం కుటుంబంలో పుట్టిన అయాన్ హిర్సీ అలీ నెదర్లాండ్స్‌లో లేబర్ పార్టీ పరిశోధన సంస్థలో ఉద్యోగి. ముస్లిం ఇళ్ళలో ఆడవాళ్ళ మీద హింస గురించి మాట్లాడితే సొంత పార్టీ వాళ్ళు ఇబ్బందిపడ్డారు. 2002లో కుడిపక్షం పార్టీ పిలిస్తే వెళ్ళింది. తర్వాత అమెరికాలో కుడిపక్షం సంస్థలో చేరింది. ఆమె ఇప్పుడు చెప్పే మాటల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది. అయినా ఆమె ఆ గుమ్మం ఎందుకు తొక్కిందని అడిగే ముందు, మీ గుమ్మం ఎందుకు మూసి ఉందో చెప్పాలి కదా.

నాకు తెలుగు నేర్పింది మత విమర్శ కూడా. ఇది అలంకారంగా అనడం లేదు. మా ఇళ్ళలో పిల్లలు బడికి పోకముందే వేమన పద్యాలు వస్తాయి. విగ్రహాలనూ, జపతపాలనూ, తురకల ఆచారాలనూ, బ్రాహ్మణుల ఆచారాలనూ ఆయన వదల్లేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తిరగరాశారు. గోరా గారు నాస్తిక కేంద్రం పెట్టారు. రంగనాయకమ్మ గారు రాముడినే నిలదీశారు. తిట్లూ తిన్నారు, చదివించుకున్నారు కూడా. వాళ్ళు లేకపోతే నా బోటి ఆడపిల్ల పెన్ను పట్టేది కాదు. 2015 ఆగస్టులో ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గి గారిని ఇంటి తలుపు దగ్గర కాల్చి చంపినప్పుడు, ఆయన లింగాయతుల మనసు నొప్పించి ఉండకూడదని పాశ్చాత్య మేధావులు ఎవరూ అనగా నేను వినలేదు. అనకపోవడమే న్యాయం. హిందువునైన నాకు దక్కిన ఆ న్యాయం నా ముస్లిం స్నేహితురాలికి ఎందుకు దక్కదు? ఆమె మతం విమర్శకు తట్టుకోలేనంత సున్నితమైనదని మీరు అనుకుంటే, అది గౌరవం కాదు. చిన్నపిల్లల ముందు మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తాం చూడండి, అలాంటిది.

నిజానికి ముస్లింలే మీకంటే ముందున్న సందర్భాలున్నాయి. 2022లో అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో హామ్లిన్ యూనివర్సిటీలో ఒక టీచరు కళా చరిత్ర క్లాసులో 14వ శతాబ్దపు బొమ్మ ఒకటి చూపించింది. ప్రవక్తకు జిబ్రీల్ దేవదూత వాక్కు అందిస్తున్న బొమ్మ. తబ్రీజ్‌లో ముస్లిం మంత్రి రాయించిన గ్రంథంలోది, భక్తితో వేసినది. చూడలేనివాళ్ళు చూడనక్కర్లేదని ముందే చెప్పింది. అయినా యూనివర్సిటీ అది ఇస్లామోఫోబియా అంది, ఆమెకు తర్వాతి టర్మ్ పని ఇవ్వలేదు. అప్పుడు ఆమె పక్షాన నిలబడింది ఎవరో తెలుసా? అమెరికాలోని ముస్లిం పబ్లిక్ అఫైర్స్ కౌన్సిల్. ముస్లింల సంప్రదాయం ఒకటి కాదు, ఇలాంటి బొమ్మలు వేసిన ముస్లింలూ ఉన్నారు అని వాళ్ళు చెప్పారు. ఆ యూనివర్సిటీ పెద్దలు అందరికంటే కఠినంగా ఆలోచించే ముస్లింనే అసలైన ముస్లిం అనుకున్నారు. మీ లేఖలోనూ అదే ఉంది. ఫ్రాన్స్ ముస్లింలు అనే మాటలో ముస్తఫా ఉర్రాద్ ఎక్కడున్నాడు?

ఇక, పదేళ్ళ తర్వాత ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

2007 ఆగస్టు 9న మా హైదరాబాద్ ప్రెస్ క్లబ్బులో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ నవలకు తెలుగు అనువాదం విడుదలైంది. ఎమ్మెల్యేలతో సహా కొందరు వచ్చి ఆమె మీద చేతికందినవి విసిరారు. గోడ దగ్గరకు నక్కిన ఆమె ముఖం ఆ సాయంత్రం టీవీల్లో చూశాం. తర్వాత ఆమె మీదే కేసు కూడా పెట్టారు. వారం తిరక్కుండా నా కాలేజీ స్నేహితురాలు మా ఇంటికొచ్చింది. టోలీచౌకీలో ఉంటుంది. బ్యాగులోంచి ఆ పుస్తకం తీసి, "మా ఇంట్లో కనబడితే గొడవైపోతుందే. నీ బీరువాలో పెట్టు, ఆదివారాలు వచ్చి చదువుకుంటా" అంది. ఆమె అయిదు పూటలా నమాజు చేస్తుంది. ఇప్పటికీ చేస్తుంది. దేవుడి మీద ఆమెకు అనుమానం లేదు, దేవుడి పేరు చెప్పి తన మీద పెత్తనం చేసే మనుషుల మీదే. చీరల కింద దాచిన ఆ పుస్తకాన్ని నాలుగైదు ఆదివారాల్లో చదివింది. నేను టీ పెట్టేలోపు పేజీ మూల మడిచి, మూసేసేది. కొన్ని చోట్ల ఒప్పుకోలేదు. కొన్ని చోట్ల నాకు చదివి వినిపించింది.

ఈ సెప్టెంబరులో ఆమె కూతురు లండన్ వెళ్తోంది, సోషియాలజీలో ఎంఏ చేయడానికి. సగం లోను, సగం అమ్మ నగలు. మీ స్నేహితులు పాఠాలు చెప్పే క్లాసుల్లో కూర్చుంటుంది. అమ్మ కంటే ధైర్యస్తురాలు, అనుమానం వస్తే చెయ్యెత్తి అడిగేస్తుంది. అడిగినప్పుడు ఎవరూ ఆమెను మతోన్మాదుల చేతిలో పావు అనకుండా చూడండి. ఇస్లామోఫోబియా నేర్చుకొచ్చావని అనకుండా చూడండి. ఆమె మాట తప్పైతే వాదించండి, గట్టిగానే వాదించండి. ఇంకెప్పుడైనా మీ ముందుకు ఇలాంటి లేఖ సంతకానికి వస్తే, కింద పేరు రాసేముందు అలాంటి ఒక్క అమ్మాయినైనా పిలిచి అడగండి.

మొన్న ఆదివారం స్నేహితురాలు వచ్చి బీరువా తీయమంది. చీరల కింద నుంచి ఆ పుస్తకం తీసి, అట్ట మీద దుమ్ము పైటతో తుడిచింది. పిల్ల పెట్టెలో ఇరవై మూడు కిలోలకు మించకూడదట. నా చేతిలో పెట్టి, "బరువెంతుంటుందే?" అని అడిగింది.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీ పాఠకురాలు